వైద్యపదాల గ్రీకు, లాటిన్ మూలాలు – తెలుగు లిప్యంతరీకరణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆధునిక వైద్యపదాల్లో అధికభాగం గ్రీకు, లాటిన్ ధాతువుల నుంచి ఏర్పడినవి. ఇవి తెలుగులోకి నేరుగా రాలేదు, ఇంగ్లీషు ద్వారా వచ్చాయి. ఇంగ్లీషు ఈ పదాల ఉచ్చారణను మార్చుకున్నా వర్ణక్రమాన్ని చాలావరకు కాపాడుకుంది. తెలుగు మాత్రం కొన్ని పదాలను ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి, మరికొన్నింటిని ఇంగ్లీషు వర్ణక్రమాన్ని బట్టి రాసుకుంది. ఈ రెండు పద్ధతుల మధ్య నియమం లేకపోవడం వల్ల ఒకే ధాతువు వేర్వేరు రూపాల్లో కనిపిస్తున్నది. వేర్వేరు అర్థాలున్న పదాలు ఒకే రూపంలో కలిసిపోతున్నాయి. ఈ స్థితిని ఉదాహరణలతో పరిశీలించి, ఉచ్చారణ అర్థభేదాన్ని చెరిపివేసే సందర్భాల్లో మూలవర్ణక్రమాన్ని అనుసరించాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైద్యపరిభాష, లిప్యంతరీకరణ, వ్యుత్పత్తి, వర్ణక్రమం, ఉచ్చారణ, జ్ఞాతిపదాలు, తత్సమాలు.

1. ప్రవేశిక:

తెలుగు వాక్యంలోకి వైద్యపదం మూడు దారుల్లో చేరుతున్నది. ఉబ్బసం, కామెర్లు, పార్శ్వపునొప్పి వంటివి జనవ్యవహారంలో స్థిరపడిన మాటలు. మధుమేహం, అతిసారం, పక్షవాతం వంటివి సంస్కృత వైద్యసంప్రదాయంతో సంబంధం ఉన్నవి. న్యుమోనియా, హెపటైటిస్, అనీమియా వంటివి ఇంగ్లీషు ద్వారా వచ్చిన గ్రీకు, లాటిన్ పదాలు. మొదటి రెండు వర్గాలపై పదకోశాల్లోనూ, వ్యాసాల్లోనూ చర్చ జరిగింది. మూడో వర్గం విషయంలో చర్చ ఎక్కువగా ‘అనువదించాలా, యథాతథంగా ఉంచాలా’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. యథాతథంగా ఉంచాలని నిర్ణయించిన తరువాత ‘ఏ వర్ణక్రమంతో రాయాలి’ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ‘యథాతథం’ అన్నప్పుడు ఏది యథా? గ్రీకులో పలికిన తీరా, లాటిన్‌లో రాసిన తీరా, ఇంగ్లీషులో వినిపించే తీరా?

ఇది అలంకారప్రాయమైన ప్రశ్న కాదు. పత్రికల ఆరోగ్యపుటల్లోనూ, అనువాదాల్లోనూ, రోగికిచ్చే సూచనపత్రాల్లోనూ తెలుగు లిపిలో ఉన్న వైద్యపదమే పాఠకుడికి ఆధారం. పక్కన మూలరూపం లేనప్పుడు తెలుగు రూపం అర్థాన్ని తానొక్కటే మోయాలి. అలా మోయలేని రూపాలు ఎక్కడెక్కడ ఏర్పడుతున్నాయో గుర్తించడం అవసరం.

2. మూలపదాలు ఇంగ్లీషులో నిలిచిన తీరు:

హిపోక్రటీస్ పేరుతో ప్రసిద్ధమైన గ్రంథసముదాయం గ్రీకులో ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో సెల్సస్ వైద్యవిషయాలను లాటిన్‌లో రాశాడు. 1543లో వెలువడిన వెసాలియస్ శరీరనిర్మాణ గ్రంథం కూడా లాటిన్‌లోదే. ఈ చరిత్ర వల్ల వైద్యపరిభాషలో స్థూలంగా ఒక పని విభజన ఏర్పడింది. అవయవాలకు, శరీరభాగాలకు సంబంధించిన విశేషణాల్లో లాటిన్ మాటలు ఎక్కువ. వ్యాధుల, శస్త్రచికిత్సల పేర్లలో గ్రీకు మాటలు ఎక్కువ. మూత్రపిండానికి సంబంధించినది ‘రీనల్’, మూత్రపిండపు వాపు ‘నెఫ్రైటిస్’. ఊపిరితిత్తులకు సంబంధించినది ‘పల్మనరీ’, వాటికి వచ్చే జబ్బు ‘న్యుమోనియా’. అవయవం ఒకటే అయినా పేర్లు రెండు భాషలవి. తెలుగు పాఠకుడికి ఇవి రెండు వేర్వేరు అవయవాలుగా తోచే ప్రమాదం ఇక్కడే మొదలవుతున్నది.

గ్రీకు పదాలు లాటిన్ లిపిలోకి మారినప్పుడు కొన్ని స్థిరమైన నియమాలు ఏర్పడ్డాయి. ప్రాచీన గ్రీకులో మహాప్రాణాలుగా పలికిన ఖ, థ, ఫ ధ్వనులను చూపడానికి అల్పప్రాణాక్షరం పక్కన ‘హెచ్’ చేర్చారు. పదాది రేఫ పక్కన కూడా ‘హెచ్’ రాశారు. ఇంగ్లీషు ఈ లాటిన్ రూపాలను స్వీకరించి తన ధ్వనివ్యవస్థకు అనుగుణంగా పలికింది. అంటే ఇంగ్లీషులో వైద్యపదం కంటికి ప్రాచీనరూపాన్ని, చెవికి ఆధునికరూపాన్ని చూపుతుంది. ఇంగ్లీషు చదువరికి ఈ రెండూ అందుబాటులో ఉంటాయి. తెలుగు లిపి పలికినదాన్ని రాసే స్వభావం కలది కనుక, ఆ పదం తెలుగులోకి వచ్చినప్పుడు సాధారణంగా ఒక్క రూపమే మిగులుతుంది.

3. మూగబోయిన హల్లులు:

పదం మొదట ప్న, ప్స, ప్ట, గ్న, మ్న వంటి సంయుక్తాలను ఇంగ్లీషు పలకదు. వాటిలోని మొదటి హల్లు మూగబోతుంది. అదే సంయుక్తం పదమధ్యంలో రెండు అచ్చుల నడుమ వచ్చినప్పుడు సాధారణంగా రెండు హల్లులూ పలుకుతాయి. అందువల్ల ‘న్యుమోథొరాక్స్’లో వినిపించని పకారం ‘ఆప్నియా’లో వినిపిస్తుంది. ‘నెమోనిక్’లో వినిపించని మకారం ‘ఆమ్నీషియా’లో వినిపిస్తుంది. మొదటి జంటలో ఉమ్మడి ధాతువు ఊపిరిని, గాలిని తెలిపేది. రెండో జంటలోది జ్ఞాపకాన్ని తెలిపేది. ఇంగ్లీషు వర్ణక్రమంలో ఈ బంధుత్వం కనిపిస్తుంది. తెలుగులో న్యుమో–ప్నియా, నెమో–మ్నీషియా రూపాలను పక్కపక్కన పెట్టినా ఒకే ధాతువని గుర్తించడం కష్టం.

‘న్యుమోనియా’ విషయంలో మరొక చిక్కు ఉంది. ఊపిరితిత్తిని తెలిపే గ్రీకు మాటకు ప్రాచీనరూపం ‘ప్లెయుమోన్’. లాటిన్ ‘పుల్మో’ దీనికి జ్ఞాతిపదం. ‘ఊపిరి పీల్చు’ అనే అర్థమున్న ధాతువుతో పోల్చుకోవడం వల్ల గ్రీకులోనే అది ‘ప్నెయుమోన్’గా మారింది. మూలభాషలో సైతం జనవ్యుత్పత్తి పదరూపాన్ని మార్చగలదనడానికి ఇది నిదర్శనం. కాబట్టి మూలవర్ణక్రమాన్ని మార్పులకు అతీతమైనదిగా భావించనక్కరలేదు. అది కూడా చరిత్రలో ఏర్పడిన రూపమే.

మూగ హల్లు గురించిన చర్చ ఇంగ్లీషు వైద్యరచనలోనూ ఉంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు పరిశోధకులు కణాల క్రమబద్ధమైన మరణాన్ని సూచించడానికి ‘అపోప్టోసిస్’ అనే పదాన్ని ప్రవేశపెట్టారు. అబర్డీన్ విశ్వవిద్యాలయ గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్ ఈ మాటను సూచించారు. గ్రీకులో దీనికి పూరేకులు, ఆకులు రాలడం అని అర్థం. ‘టోసిస్’ అని పలికే మరో వైద్యపదంతో, అంటే కనురెప్ప వాలిపోవడంతో, దీనికున్న ధాతుసంబంధం స్పష్టం కావాలని రెండో పకారాన్ని పలకకూడదని వారు ప్రతిపాదించారు. అయినా పకారాన్ని పలికేవారు నేటికీ ఎందరో ఉన్నారు. తెలుగులో ‘అపోప్టోసిస్’ అని రాస్తే వర్ణక్రమాన్ని, ‘అపొటోసిస్’ అని రాస్తే పదకర్తల ఉద్దేశాన్ని అనుసరించినట్లవుతుంది. ధాతువును చూపడానికి అక్షరాన్ని మూగగా ఉంచాలన్న ఈ సూచన, ఉచ్చారణ, వర్ణక్రమం, వ్యుత్పత్తి అనే మూడూ ఒకే దిశలో నడవవని నిరూపిస్తున్నది.

తెలుగుకు ఇటువంటి అనుభవం కొత్తది కాదు. ‘జ్ఞానం’ అనే మాటను ‘గ్యానం’ అని పలికేవారు అధికసంఖ్యాకులు. అయినా ‘గ్యానం’ అని రాయాలని ఎవరూ ప్రతిపాదించరు. విజ్ఞానం, ప్రజ్ఞ, అజ్ఞాతం, జిజ్ఞాస అన్నింటిలో ఒకే ధాతువు కనిపించాలన్నదే దానికి కారణం. తత్సమాల విషయంలో వ్యుత్పత్తిని కాపాడే వర్ణక్రమాన్ని పాటిస్తున్న తెలుగు, వైద్యపదాల విషయంలో ఆ దృష్టిని పూర్తిగా విడిచిపెట్టింది.

4. రెండు పద్ధతుల కలగలుపు:

భారతీయభాషల్లో శాస్త్రపదాల ఏకరూపతకోసం 1961లో ఏర్పడిన వైజ్ఞానిక, సాంకేతిక పదావళి సంఘం, లిప్యంతరీకరణ ప్రామాణిక ఇంగ్లీషు ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా ఉండాలనీ, భారతీయ విద్యావంతుల వాడుకలోని మార్పులను అంగీకరించవచ్చనీ సూత్రీకరించింది. ఈ సూత్రంలోని మొదటి భాగం చెవిని, రెండో భాగం అలవాటును ప్రమాణంగా తీసుకుంటున్నాయి.

తెలుగు వాడుకను గమనిస్తే ఈ రెండింటి కలగలుపు స్పష్టంగా కనిపిస్తుంది. ‘న్యుమోనియా’, ‘సైకియాట్రీ’ చెవిని బట్టి ఏర్పడిన రూపాలు. ‘ఆస్తమా’ అలాంటిది కాదు. ఇంగ్లీషులో ఆ పదంలోని దంత్యధ్వని సాధారణంగా వినిపించదు. ‘ఆస్మా’కు దగ్గరగా పలుకుతారు. తెలుగు రూపం వర్ణక్రమాన్ని చూసి ఏర్పడింది. యాదృచ్ఛికంగా అది గ్రీకు మూలమైన ‘ఆస్థ్మ’కు ఇంగ్లీషు ఉచ్చారణకంటె దగ్గరగా ఉంది. ‘డయాబెటిస్’ కూడా ఇటువంటిదే. ఇంగ్లీషులో ‘డయబీటీస్’ అని పలికే పదాన్ని తెలుగు అక్షరాలను బట్టి రాసుకుంది.

ఈ కలగలుపు తప్పని చెప్పవలసిన పనిలేదు. ఇంగ్లీషు ఉచ్చారణకు కట్టుబడకుండా రాసిన రూపాలు కూడా తెలుగులో నిరాక్షేపంగా చెల్లుబాటయ్యాయన్నదే ఇక్కడ ముఖ్యం. వర్ణక్రమాన్ని అనుసరించడం తెలుగుకు కృత్రిమమన్న వాదానికి ‘ఆస్తమా’, ‘డయాబెటిస్’ రూపాలే సమాధానం.

5. అర్థం చెదిరే సందర్భాలు:

5.1. రెండు పదాలు ఒక్కటి కావడం:

మింగడంలో ఇబ్బందిని తెలిపే పదంలో ‘తిను’ అర్థమున్న గ్రీకు ధాతువు ఉంది. మాటలో లోపాన్ని తెలిపే పదంలో ‘పలుకు’ అర్థమున్న ధాతువు ఉంది. ఇంగ్లీషులో మొదటిదానిలో జకారం, రెండోదానిలో తెలుగులో లేని ఊష్మధ్వని వినిపిస్తాయి. ఆ ఊష్మధ్వనిని కూడా తెలుగువారు జకారంతోనే రాస్తారు కాబట్టి, చెవిని నమ్మి రాస్తే రెండూ ‘డిస్ఫేజియా’ అవుతాయి. పక్షవాతం వచ్చిన రోగిలో ఈ రెండు లక్షణాలూ కనిపించే అవకాశం ఉంది. మింగలేని రోగికి ఆహారం ఇచ్చే తీరు మార్చాలి, లేకపోతే ఆహారం శ్వాసమార్గంలోకి పోతుంది. మాట తడబడే రోగికి కావలసింది వేరే రకం సహాయం. ఇంగ్లీషులోనే ఈ పదాలు వినడానికి దగ్గరగా ఉన్నాయని, మాటలోపానికి ‘అఫేసియా’ అన్న పదాన్నే వాడటం మేలని భావించేవారున్నారు. తెలుగులో ఆ కొద్ది దూరం కూడా మిగలడం లేదు. మూలవర్ణక్రమాన్ని అనుసరించి మొదటిదాన్ని ‘డిస్ఫేజియా’, రెండోదాన్ని ‘డిస్ఫేసియా’ అని రాస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

చెమటను తెలిపే గ్రీకు పదం ‘హిద్రోస్’, నీటిని తెలిపేది ‘హుదోర్’. ఇంగ్లీషు వర్ణక్రమంలో మొదటిదానికి ‘ఐ’, రెండోదానికి ‘వై’ ఉంటాయి. తెలుగులో రెండూ ‘హైడ్రో’ అయితే, అతిగా చెమట పట్టే లక్షణం నీటికి సంబంధించినదిగా కనిపిస్తుంది. ‘హైపర్‌హిడ్రోసిస్’ అన్న రూపం ఇంగ్లీషులో కూడా వినిపించేదే కనుక దాన్ని స్వీకరించడంలో ఇబ్బంది లేదు.

అన్నిచోట్లా ఈ ఉపాయం పనిచేయదు. చిన్నప్రేగు చివరిభాగం పేరు, తుంటి ఎముకలోని పైభాగం పేరు ఇంగ్లీషులో ఒకేలా పలుకుతాయి. వర్ణక్రమంలో ఒకే ఒక్క అచ్చు తేడా. తెలుగులో రెండూ ‘ఇలియం’. ఇక్కడ వ్యుత్పత్తి కూడా తోడ్పడదు. రెండూ ఉదరపార్శ్వాన్ని తెలిపే లాటిన్ మాటతో ముడిపడినవే. ఇటువంటి సందర్భాల్లో ‘ఇలియం ప్రేగు’, ‘ఇలియం ఎముక’ అని తెలుగు మాటను జోడించడమే శరణ్యం.

5.2. బంధుత్వం లేనివి బంధువులుగా కనిపించడం:

డయేరియా, మలేరియా, ఫైలేరియా, బాక్టీరియా – ఈ నాలుగూ తెలుగులో ‘రియా’తో ముగుస్తాయి. వీటిలో ‘ప్రవహించు’ అర్థమున్న గ్రీకు ధాతువు డయేరియాలో మాత్రమే ఉంది. మలేరియా ‘చెడుగాలి’ అనే ఇటాలియన్ మాటల కలయిక. ఫైలేరియాకు దారాన్ని తెలిపే లాటిన్ మాట, బాక్టీరియాకు చిన్నకర్రను తెలిపే గ్రీకు మాట మూలాలు. ఇంగ్లీషులో డయేరియా వర్ణక్రమంలోని జంటరేఫ, మూగ ‘హెచ్’ దాన్ని మిగిలినవాటి నుంచి వేరు చేస్తాయి. తెలుగులో ఆ గుర్తులు పోయాయి. ‘రియా’ అంటే వ్యాధి అనే ప్రత్యయమని విద్యార్థి ఊహిస్తే తప్పు అతడిది కాదు.

మలేరియా ఉదాహరణ మరో హెచ్చరిక కూడా చేస్తున్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. చెడుగాలి సిద్ధాంతం వీగిపోయింది, పేరు మాత్రం మిగిలింది. వ్యుత్పత్తి పదచరిత్రను చెబుతుందే కాని వ్యాధికారణాన్ని చెప్పదు.

5.3. ఒకే ధాతువు రెండుగా చీలిపోవడం:

‘పీడియాట్రిక్స్’, ‘ఆర్థోపెడిక్స్’ పదాల్లో శిశువును తెలిపే గ్రీకు ధాతువే ఉంది. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రీ పిల్లల్లో అంగవైకల్యాలను సరిదిద్దే విద్యకు ‘సరళం’, ‘శిశువు’ అనే అర్థాలున్న మాటలను కలిపి పేరు పెట్టాడు. తెలుగులో ‘పీడి’, ‘పెడి’ అన్న రెండు రూపాలు ఏర్పడటంతో ఆ సంబంధం మరుగుపడింది. ‘పెడి’ని పాదార్థకమైన లాటిన్ ధాతువుగా పొరబడటం కూడా సులభమైంది.

6. జ్ఞాతిపదాలు – ఉపయోగం, పరిమితి:

గ్రీకు, లాటిన్, సంస్కృతాలు ఒకే భాషాకుటుంబానికి చెందినవి. తెలుగులో తత్సమాలు విస్తారంగా ఉన్నందువల్ల ఈ బంధుత్వం తెలుగు విద్యార్థికి బోధనోపకరణం కాగలదు. ఉపసర్గల విషయంలో ఇది మరింత స్పష్టం. గ్రీకు నిషేధార్థకం హల్లుకు ముందు ‘అ’, అచ్చుకు ముందు ‘అన్’ అవుతుంది. అశాంతి, అనారోగ్యం పదాల్లో పనిచేసే నియమమే ఆప్నియా, అనీమియా పదాల్లోనూ పనిచేస్తున్నది. ‘డిస్’కు దుస్, ‘పెరి’కి పరి, ‘ప్రో’కు ప్ర, ‘హైపర్’కు ఉపరి, ‘హైపో’కు ఉప జ్ఞాతులు. ‘ఉపరి’ పైన అని తెలిసిన విద్యార్థి, హైపర్‌టెన్షన్ అధిక రక్తపోటని మరచిపోడు.

అవయవాల పేర్లలో ఓస్తియోన్–అస్థి, ఒదోంత్–దంత, గోను–జాను, హేపర్–యకృత్ జంటలు ప్రసిద్ధాలు. పైన చర్చించిన హిద్రోస్, హుదోర్ పదాలకు స్వేదం, ఉదకం జ్ఞాతులు. ఇంగ్లీషు ఉచ్చారణ దగ్గర చేసిన రెండు మాటలు తెలుగువారికి ఏనాడూ కలవని రెండు మాటలుగా పరిచితాలే. డయేరియాలోని ప్రవాహార్థక ధాతువుకు ‘స్రు’, అపోప్టోసిస్‌లోని పతనార్థక ధాతువుకు ‘పత్’, ఆమ్నీషియాలోని స్మరణార్థక ధాతువుకు ‘ఆమ్నాయం’లోని ‘మ్నా’ జ్ఞాతులు. ‘మైగ్రేన్’కు మూలమైన ‘హేమిక్రానియా’లో ‘హేమి’ అంటే సగం. సంస్కృత ‘సామి’ దానికి జ్ఞాతి. తలలో ఒక పక్కన వచ్చే నొప్పి అన్న ఈ భావాన్నే ‘పార్శ్వపునొప్పి’ స్వతంత్రంగా చెబుతున్నది.

ఈ పోలికలను వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, జ్ఞాతిత్వం జన్యత్వం కాదు. ‘ఓస్తియోన్’ అస్థి నుంచి పుట్టలేదు. రెండూ ఒకే పూర్వరూపం నుంచి వచ్చిన సోదరపదాలు. తెలుగు ఈ కుటుంబంలోనిది కాదని, సంస్కృతజన్యం కాదని 1816లోనే ఎల్లిస్ నిరూపించాడు. అస్థి, దంతం మనకు తత్సమాలుగా అందినవే తప్ప, ఎముక, పన్ను అనే దేశ్యపదాలకు గ్రీకుతో సంబంధం లేదు. రెండోది, ధ్వనిసామ్యం ఒక్కటే జ్ఞాతిత్వానికి ఆధారం కాదు. ‘హోమియోపతీ’ చివరి భాగాన్ని పథం, పథ్యం పదాలతో ముడిపెట్టడం ఆకర్షణీయంగా తోస్తుంది. కాని ఆ భాగం బాధను, అనుభవాన్ని తెలిపే ‘పాథోస్’ నుంచి వచ్చింది. ‘పథ్’తో దానికి సంబంధం లేదు. నియతమైన ధ్వనిమార్పులను చూపకుండా చేసే పోలికలు పరిశోధన అనిపించుకోవు.

7. ప్రతిపాదనలు:

పై పరిశీలన ఆధారంగా నాలుగు సూచనలు చేయవచ్చు.

1. న్యుమోనియా, డయాబెటిస్, ఆస్తమా వంటి స్థిరరూపాలను మార్చకూడదు. ‘ప్న్యుమోనియా’ అని రాయడం వ్యుత్పత్తినిష్ఠ కాదు, పాఠకుడికి కలిగించే అనవసరమైన ఆటంకం.

2. ఉచ్చారణను అనుసరిస్తే రెండు భిన్నపదాలు ఒకే రూపం పొందే సందర్భాల్లో మూలవర్ణక్రమాన్ని అనుసరించాలి. ఫేజియా–ఫేసియా, హైడ్రో–హిడ్రో జంటలు ఇందుకు ఉదాహరణలు.

3. వర్ణక్రమం కూడా భేదాన్ని నిలపలేనప్పుడు తెలుగు అర్థవాచకాన్ని తప్పక జతచేయాలి. రోగులకు ఉద్దేశించిన రచనల్లో అన్ని సందర్భాల్లోనూ ‘మింగలేకపోవడం’, ‘మాట తడబాటు’ వంటి తెలుగు మాటలకే ప్రాధాన్యం ఇవ్వాలి.

4. వైద్యపదకోశాలు పదాలను అకారాది క్రమంలో ఇవ్వడంతో పాటు ధాతువుల వారీ అనుబంధాన్ని కూడా చేర్చాలి. న్యుమో, ప్నియా ఒకేచోట కనిపిస్తే లిపిలో పోయిన బంధుత్వం కోశంలో దక్కుతుంది.

8. ముగింపు:

లిప్యంతరీకరణను యాంత్రికమైన పనిగా భావించడం వల్ల దానిపై విమర్శదృష్టి తగినంతగా ప్రసరించలేదు. నిజానికి ప్రతి లిప్యంతరీకరణలోనూ ఒక ఎంపిక ఉంటుంది. చెవిని నమ్మిన రూపం పలకడానికి సుకరం, కంటిని నమ్మిన రూపం చరిత్రకు దగ్గర. తెలుగు ఈ రెండింటినీ ఇప్పటికే వాడుతున్నది కనుక, కొత్త పద్ధతిని కల్పించవలసిన అవసరం లేదు. ఏది ఎక్కడ వాడాలో వివేచించడమే మిగిలిన పని. ఆ వివేచనకు అర్థభేదమే గీటురాయి కావాలి. ‘డిస్ఫేజియా’ అని రాసిన కాగితం రోగి మంచం పక్కన ఉన్నప్పుడు, దాన్ని చదివే మనిషి గిన్నె పక్కన పెట్టాలో, మాట్లాడించే ప్రయత్నం చేయాలో ఒక్క అక్షరం నిర్ణయించవచ్చు. వర్ణక్రమచర్చకు ఇంతకుమించిన ప్రయోజనం వెతకనక్కరలేదు.